జర్మనీ ప్రయాణానికి డ్రోన్ వెంట తీసుకువెళ్లాలంటే ఏయే అనుమతులు కావాలి?

గట్టుమీది కెమెరా, హనుమకొండ

అందరికీ నమస్కారం. నేను పదవీ విరమణ చేసిన భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడిని. మా అమ్మాయి మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నది. వచ్చే మే నెలలో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్లి ఆరు వారాలు ఉండాలని, మధ్యలో ఒక వారం స్విట్జర్లాండ్ చూడాలని, తిరిగి వచ్చేటప్పుడు దుబాయిలో మా తమ్ముడి దగ్గర మూడు రోజులు ఆగాలని అనుకుంటున్నాము. నా దగ్గర 2021లో కొన్న డీజేఐ మినీ 2 డ్రోన్ ఉన్నది. దాని బరువు 250 గ్రాముల లోపే. ధర్మసాగరం నిండిన ప్రతి ఏడూ గట్టు దగ్గరికి వెళ్లి దానితో చిత్రాలు తీస్తుంటాను. ఆల్ప్స్ కొండల కింద ఉన్న కోనిగ్‌సే సరస్సును కూడా అలా పైనుంచి ఒక్కసారి చూడాలన్నది చాలాకాలంగా ఉన్న కోరిక.

ఇంత చిన్న డ్రోన్‌కు ఏ దేశంలోనూ అనుమతి అక్కరలేదని అమ్మిన దుకాణంలో చెప్పారు. మా అమ్మాయి మాత్రం అక్కడి నియమాలు పూర్తిగా తెలుసుకున్న తర్వాతే పెట్టెలో పెట్టమంటున్నది. టికెట్లు ఇంకా కొనలేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

రెక్కల విద్యార్థి, కాజీపేట

సార్, మన దేశంలో 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల వరకు బరువున్నది నానో తరగతి కిందికి వస్తుంది. దానికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. తయారీదారులు 249 గ్రాముల దగ్గర ఆపేదే ఆ సౌకర్యం కోసం కనుక, విదేశాల్లో కూడా మీకు ఇబ్బంది ఉండదని నా అభిప్రాయం. 120 మీటర్ల ఎత్తు దాటకుండా, విమానాశ్రయాలకు దూరంగా ఎగరేస్తే చాలు.

మానేరు తీరం, కరీంనగర్

తమ్ముడూ, ఈ సలహా సార్‌ను ఇబ్బందిలో పడేస్తుంది కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. నేను జర్మనీలో నాలుగేళ్లు చదువుకున్నాను, అక్కడ ఇదే తరగతి డ్రోన్ ఎగరేశాను.

యూరోపియన్ యూనియన్ దేశాలన్నింటికీ కలిపి ఒకే నియమావళి ఉన్నది. 2020 డిసెంబరు 31 నుంచి అది అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 250 గ్రాముల లోపు డ్రోన్‌కు పరీక్ష రాయనక్కరలేదు, వాడుక పుస్తకం చదివి ఉంటే సరిపోతుంది. ఇంతవరకు నీ మాట నిజమే. కానీ ఆ డ్రోన్‌కు కెమెరా ఉంటే, అది పిల్లల ఆటబొమ్మగా ధ్రువీకరించినది కాకపోతే, ఎగరేసే వ్యక్తి ఆపరేటర్‌గా నమోదు చేసుకోవలసిందే. అక్కడ చూసేది బరువును మాత్రమే కాదు, మనుషుల ఏకాంతాన్ని చిత్రించగల కన్ను దానికి ఉన్నదా లేదా అని కూడా. చాలామంది పొరబడేది ఇక్కడే.

సార్, మీలాగా యూరప్ బయటి నుంచి వచ్చేవారు మొదట ఏ సభ్యదేశంలో ఎగరేస్తారో ఆ దేశంలోనే నమోదు కావాలి. మీ విషయంలో అది జర్మనీ కనుక లుఫ్ట్‌ఫార్ట్ బుండెసాంట్ అనే విమానయాన కార్యాలయం వెబ్‌సైటులో దరఖాస్తు చేయాలి. ఒక్కసారి నమోదైతే అది మిగతా సభ్యదేశాలన్నింటిలోనూ చెల్లుతుంది. స్విట్జర్లాండ్ యూనియన్‌లో లేకపోయినా 2023 జనవరి 1 నుంచి ఇవే నియమాలను పాటిస్తున్నది కాబట్టి అక్కడ మళ్లీ నమోదు అక్కరలేదు.

మీకు డీఈయూ అనే అక్షరాలతో మొదలయ్యే ఒక సంఖ్య వస్తుంది. దాని చివర చిన్న గీత, ఆ తర్వాత మూడు అక్షరాలు ఉంటాయి. గీత ముందున్న భాగాన్ని మాత్రమే డ్రోన్ మీద అతికించాలి. చివరి మూడూ మీ రహస్య సంకేతం లాంటివి, వాటిని ఎక్కడా బయటికి కనిపించేలా రాయకూడదు. మా గదిలో ఉన్న అమ్మాయి తెలియక మొత్తం సంఖ్యను రెక్క మీద రాసుకున్నది.

ఇక బీమా. జర్మనీలో ఎంత చిన్న డ్రోన్‌కైనా ఇతరులకు కలిగే నష్టానికి బీమా ఉండటం తప్పనిసరి. అక్కడ చాలా కుటుంబాలకు సాధారణ బాధ్యత బీమా ఉంటుంది. మీ అమ్మాయికి కూడా ఉండవచ్చు. అయితే ఆ పాలసీ డ్రోన్‌ను కలుపుకుంటున్నదా, కొన్నాళ్ల కోసం వచ్చిన తల్లిదండ్రులకు వర్తిస్తుందా అని కంపెనీని అడిగి లిఖితపూర్వకంగా సమాధానం తెప్పించుకోండి. ఫోనులో చెప్పిన మాట మీద ఆధారపడవద్దు.

ఇంకొకటి. 2024 జనవరి 1 తర్వాత మార్కెట్లోకి వచ్చిన డ్రోన్ల మీద సీ0, సీ1 వంటి తరగతి ముద్ర ఉండాలి. మీది 2021లోదే కనుక ముద్ర లేకపోయినా, 250 గ్రాముల లోపు ఉన్నంత కాలం ఎ1 అనే ఉపవర్గంలో ఎగరేయవచ్చు. కొనుగోలు రసీదును మాత్రం పారేయకండి.

గట్టుమీది కెమెరా, హనుమకొండ

అమ్మా, ఎంతో ఓపికగా రాశారు, కృతజ్ఞతలు. నమోదు, బీమా అయిన తర్వాత సరస్సుల దగ్గర స్వేచ్ఛగా ఎగరేయవచ్చునా? నేను అనుకున్న రెండు చోట్లలో ఒకటి కోనిగ్‌సే, రెండవది నోయిష్వాన్‌స్టైన్ కోట.

మానేరు తీరం, కరీంనగర్

దురదృష్టవశాత్తు ఆ రెండు చోట్లా కుదరదు సార్. కోనిగ్‌సే సరస్సు బెర్ఖ్‌టెస్‌గాడెన్ జాతీయ ఉద్యానవనం లోపల ఉన్నది. అక్కడ పక్షుల కోసం, జంతువుల కోసం డ్రోన్లను నిషేధించారు. ఆ కోటను చూసుకునే బవేరియా ప్రభుత్వ విభాగం కూడా తన ఆవరణల్లో డ్రోన్లను ఒప్పుకోదు. నమోదు అయిందంటే ఎగరేసే మనిషి ఎవరో వారికి తెలిసిందని మాత్రమే అర్థం. ఎగరేసే చోటుకు అనుమతి వేరే సంగతి.

జర్మనీలో డిపుల్ అనే అధికారిక పటం ఉన్నది. మీరు వెళ్లే ఊరిని అందులో పెద్దదిగా చేసి చూస్తే ఆకాశం ఎన్ని ముక్కలుగా ఉన్నదో కనిపిస్తుంది. జాతీయ రహదారులకు, పెద్ద జలమార్గాలకు, రైలు పట్టాలకు సాధారణంగా 100 మీటర్ల దూరం పాటించాలి. ప్రకృతి రక్షిత ప్రాంతాల మీదికి వెళ్లకూడదు. ఇళ్ల మీదుగా, పెరళ్ల మీదుగా కెమెరా ఉన్న డ్రోన్ పోవాలంటే ఆ ఇంటివారి సమ్మతి కావాలి, అది 249 గ్రాములదైనా సరే. ఇవన్నీ దాటిన తర్వాత కూడా మీరు నిలబడి పైకి లేపే నేల ఎవరిదో వారిని అడగాలి.

ఇది మనకు కొత్త కాదు. ఖిలా వరంగల్ తోరణాల దగ్గర గానీ, వేయిస్తంభాల గుడి మీద గానీ డ్రోన్ ఎగరేయాలంటే ఆకాశం పటంలో పచ్చగా, అంటే ఎగరేయడానికి వీలున్నదిగా, కనిపించినంత మాత్రాన చాలదు, పురావస్తు శాఖ అనుమతి కూడా ఉండాలని మన దగ్గర పెళ్లిళ్లు తీసేవారందరికీ తెలుసు.

తలంబ్రాల స్టూడియో, కాజీపేట

పెళ్లిళ్ల ప్రస్తావన వచ్చింది కనుక నాకు జరిగినది చెబుతాను. ఇది చదివి ఒక్కరైనా జాగ్రత్తపడితే చాలు.

పెళ్లికి ముందు తీసే చిత్రాల కోసం ఒక జంటతో థాయిలాండ్ వెళ్లాను. అక్కడ డ్రోన్‌కు రెండు వేర్వేరు నమోదులు ఉంటాయి. ఒకటి పౌర విమానయాన సంస్థ దగ్గర ఎగరేసే మనిషికి, డ్రోన్‌కు సంబంధించినది. రెండవది ప్రసార, టెలికం సంఘం దగ్గర, ఎందుకంటే డ్రోన్ రేడియో తరంగాల మీద నడుస్తుంది. కెమెరా ఉంటే బరువు ఎంత తక్కువైనా మినహాయింపు లేదు. వీటితో పాటు కనీసం 10 లక్షల బాత్‌ల బీమా చూపించాలి. ఎత్తు 90 మీటర్లు దాటకూడదు. విమానాశ్రయానికి 9 కిలోమీటర్ల లోపు ఎగరేయకూడదు.

ఇవన్నీ తానే చూసుకుంటానని అక్కడి ఒక ఏర్పాట్ల మనిషి డబ్బు తీసుకున్నాడు. పత్రాలు పంపమని అడిగిన ప్రతిసారీ రేపు వస్తాయన్నాడు. నేనూ ఇక్కడ పెళ్లిళ్ల సీజన్ హడావిడిలో ఉండి గట్టిగా పట్టించుకోలేదు. చివరికి సముద్రం ఒడ్డున ఉదయం ఆరు గంటలకు, వధువు అలంకరణ అంతా పూర్తయి నిలబడి ఉండగా, ఇద్దరు అధికారులు వచ్చి మర్యాదగానే రెండు నమోదు పత్రాలూ చూపించమన్నారు. నా ఫోనులో ఒక్క బీమా కాగితమే ఉన్నది, అది కూడా వేరే డ్రోన్ సీరియల్ నంబరుతో. డ్రోన్‌ను సంచిలో పెట్టేయమన్నారు. జరిమానా వేయకుండా వదిలిపెట్టడం వారి మంచితనం. ఆ అమ్మాయి ముఖం మాత్రం ఇప్పటికీ గుర్తుకు వస్తుంది. వారి డబ్బులో డ్రోన్‌కు సంబంధించిన భాగం తిరిగి ఇచ్చాను.

అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాను. అనుమతి పత్రం మీద నా పేరు, నా పాస్‌పోర్ట్ నంబరు, నా డ్రోన్ సీరియల్ నంబరు మూడూ నా కళ్లతో సరిచూసుకోకుండా టికెట్ కొనను. మరొక మాట, ఇది నాలాంటి వృత్తిదారులకు: డబ్బు తీసుకుని చిత్రాలు తీయడమంటే అక్కడ పని చేయడమే. డ్రోన్ నమోదు వేరు, విదేశీయుడు అక్కడ పని చేయడానికి కావలసిన అనుమతి వేరు, పర్యాటక వీసా రెండవదాన్ని ఇవ్వదు.

అన్ని పత్రాలూ ఉన్నా పరిస్థితులు మారవచ్చు. 2025 జూలైలో కంబోడియా సరిహద్దులో ఘర్షణ జరిగినప్పుడు థాయిలాండ్ దేశమంతటా డ్రోన్లను ఆపేసింది. అందుకే బయలుదేరే వారం మళ్లీ ఒకసారి అధికారిక ప్రకటనలు చూడాలి.

దుబాయి దారి, జగిత్యాల

సార్, మీ ప్రయాణంలో నాకు భయం కలిగించినది జర్మనీ కాదు, దుబాయిలో మూడు రోజులు. మా ప్రాంతంలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నారు, నేనూ పద్నాలుగేళ్లు ఉండి వచ్చాను.

యూఏఈలో 2022 జనవరిలో వ్యక్తిగత డ్రోన్లను పూర్తిగా నిషేధించారు. 2024 నవంబరు నుంచి దశలవారీగా సడలిస్తున్నారు, అది కూడా ప్రభుత్వ వేదికలో నమోదైన వారికి, అనుమతించిన ప్రాంతాల్లో మాత్రమే. మూడు రోజుల అతిథికి ఇదంతా పూర్తి చేసుకునే వీలు ఎక్కడిది? అనుమతి లేకుండా ఇతరుల ఏకాంతాన్ని చిత్రించడం అక్కడి చట్టంలో నేరం. మీకు జరిమానా పడితే కట్టి వచ్చేస్తారు, కానీ మీరు దిగింది మీ తమ్ముడి ఇంట్లో కనుక విచారణ ఆయన దాకా వెళ్తుంది. అక్కడ ఉద్యోగం, నివాసం ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఆయన బాల్కనీ నుంచి ఒక్క నిమిషం ఎగరేసి చూద్దామన్న ఆలోచన కూడా రానీయకండి.

ఇంకొక ముఖ్యమైన విషయం. మా ఊళ్లో ఇద్దరు కుర్రవాళ్లు అక్కడ చవకగా దొరుకుతున్నదని డ్రోన్ కొని ఇంటికి తెచ్చుకోబోయి శంషాబాద్‌లో పోగొట్టుకున్నారు. సుంకం కడితే వదిలేస్తారని వారు అనుకున్నారు.

సరుకు చిట్టా, మంచిర్యాల

జగిత్యాల అన్న చెప్పినదానికి కారణం రాస్తాను. హైదరాబాద్‌లో ఎగుమతి దిగుమతుల పత్రాలు చూసే పనిలో ఉన్నాను కనుక ఇది నిత్యం ఎదురయ్యే విషయం.

2022 ఫిబ్రవరి 9న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ జారీ చేసిన ప్రకటనతో, పూర్తిగా తయారైన డ్రోన్లను గానీ, విడదీసి తెచ్చి ఇక్కడ బిగించే వాటిని గానీ దిగుమతి చేయడం నిషిద్ధమైంది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మాత్రమే మినహాయింపు ఉన్నది. సుంకం కట్టి విడిపించుకునే వస్తువు వేరు, నిషిద్ధ వస్తువు వేరు. ఆ కుర్రవాళ్ల డ్రోన్లు రెండవ వర్గంలోకి వచ్చాయి.

ఉపాధ్యాయుల వారికి దీనివల్ల ఒక పని పడుతుంది. మీ డ్రోన్ ఇక్కడి నుంచే వెళ్లి ఇక్కడికే తిరిగి వస్తున్నదని మీరు రుజువు చూపగలగాలి. అందుకోసం వెళ్లే రోజునే శంషాబాద్ విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారిని కలిసి ఎగుమతి ధ్రువీకరణ పత్రం తీసుకోండి. డ్రోన్‌ను, కొనుగోలు రసీదును, పాస్‌పోర్ట్‌ను, బోర్డింగ్ పాస్‌ను చూపించాలి. వారు సీరియల్ నంబరు సరిచూసి రాసి ఇస్తారు. సామాను చెక్ ఇన్‌లో ఇచ్చేసిన తర్వాత ఈ పని కుదరదు కనుక అప్పటివరకు డ్రోన్ మీ చేతిలోనే ఉండాలి, విమానాశ్రయానికి మామూలు కంటే గంట ముందే చేరాలి. తిరిగి వచ్చినప్పుడు కస్టమ్స్ ప్రకటన పత్రంలో డ్రోన్ ఉన్నదని రాసి, చెప్పవలసిన వస్తువులు ఉన్నవారి కోసం ఉండే ఎర్ర మార్గంలో వెళ్లి, ఈ కాగితం చూపించండి. పచ్చ మార్గంలో వెళ్తే కాగితం ఉండి కూడా దాచినట్టు అవుతుంది.

బ్యాటరీల సంగతి. విడి లిథియం బ్యాటరీలు చెక్ ఇన్ సామానులో పెట్టకూడదు, క్యాబిన్‌లోకే రావాలి. 100 వాట్-అవర్ల వరకు విమాన సంస్థను ప్రత్యేకంగా అడగనక్కరలేదు. 100 నుంచి 160 మధ్య ఉంటే ముందుగా వారి ఆమోదం తీసుకోవాలి, అవి రెండుకు మించకూడదు. 160 దాటినవి అసలు ఎక్కనివ్వరు. మీ బ్యాటరీ సామర్థ్యం 2250 మిల్లీ ఆంపియర్-అవర్లు, వోల్టేజీ 7.7, రెండింటినీ గుణిస్తే 17.3 వాట్-అవర్లు వస్తాయి. మీరు భౌతికశాస్త్రం చెప్పినవారు, నేను లెక్క చెప్పనక్కరలేదు. రాగి కొనలకు టేపు అతికించి, ఒక్కొక్కదాన్ని విడి కవరులో పెట్టండి.

తలంబ్రాల స్టూడియో గారికి: పెద్ద పరికరాలతో వెళ్లేటప్పుడు వాణిజ్య సంఘాల సమాఖ్య అయిన ఫిక్కీ ఇచ్చే ఏటీఏ కార్నే పత్రం గురించి అడిగి తెలుసుకోండి. తాత్కాలికంగా తీసుకువెళ్లి తిరిగి తెచ్చే వృత్తి పరికరాలకు అది పాస్‌పోర్ట్ లాంటిది, ఏడాది చెల్లుతుంది.

రెక్కల విద్యార్థి, కాజీపేట

సార్, నా మొదటి సమాధానం తప్పు. మన నియమమే ప్రపంచమంతటా ఉంటుందని అనుకుని రాశాను, క్షమించండి. నిన్న రాత్రి కూర్చుని ఒక్కొక్క దేశం విమానయాన శాఖ ప్రకటనలు చదివాను. 250 గ్రాములు అన్న గీత కూడా అన్నిచోట్లా లేదు. జపాన్‌లో 2022 జూన్ 20 నుంచి 100 గ్రాములు, అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి డ్రోన్ నమోదు కావాలి. బ్రిటన్‌లో 2026 జనవరి 1 నుంచి 100 గ్రాముల డ్రోన్‌కు కూడా పరీక్ష రాసి ఫ్లయర్ ఐడీ తీసుకోవాలి, కెమెరా ఉంటే ఆపరేటర్ ఐడీ కూడా కావాలి. మొరాకోలో ముందస్తు అనుమతి లేని డ్రోన్‌ను దేశంలోకే రానివ్వరు, కస్టమ్స్ దగ్గరే తీసుకుంటారు. ఈజిప్టులో రక్షణ శాఖ అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం.

ఇంకొక అపోహ కూడా నాకు ఉండేది. నిషిద్ధ ప్రాంతమైతే డ్రోన్ యాపే పైకి లేవనివ్వదని నమ్మేవాడిని. డీజేఐ సంస్థ 2025 జనవరిలో అమెరికాలో ఆ అడ్డును తొలగించి, హెచ్చరిక చూపి వదిలేసే పద్ధతికి మారింది, యూరప్‌లో అంతకు ముందే మారింది. కాబట్టి డ్రోన్ లేచినంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు.

నేత ఇల్లు, సిరిసిల్ల

మా అబ్బాయి టెక్సాస్‌లో ఉన్నాడు. అమెరికా వెళ్లే తల్లిదండ్రుల కోసం రెండు మాటలు రాస్తాను. సరదా కోసం ఎగరేసే ప్రతి ఒక్కరూ ట్రస్ట్ అనే ఉచిత ఆన్‌లైన్ పరీక్ష పూర్తి చేసి ఆ పత్రం దగ్గర ఉంచుకోవాలి. 250 గ్రాములు దాటితే అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏ దగ్గర 5 డాలర్లు కట్టి నమోదు కావాలి, అది మూడేళ్లు చెల్లుతుంది. జాతీయ ఉద్యానవనాల్లో 2014 నుంచి నిషేధం ఉన్నది. గ్రాండ్ కాన్యన్ దగ్గర నేను సంచి విప్పకుండానే తిరిగి వచ్చాను. యూట్యూబ్‌లో డబ్బు వచ్చే వీడియో కోసం తీస్తే అది సరదా కిందికి రాదు, వృత్తిగా ఎగరేసేవారికి పెట్టే పార్ట్ 107 పరీక్ష వేరుగా రాయాలి.

గట్టుమీది కెమెరా, హనుమకొండ

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మీరు చెప్పినవన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకుని ఒక్కొక్కటి చేసుకుంటూ వచ్చాను.

దుబాయిలో దిగడం మానుకున్నాము. అక్కడ విమానం మారుతాము కానీ విమానాశ్రయం బయటికి రాము. తమ్ముడికి కారణం చెబితే అర్థం చేసుకున్నాడు, దసరాకు తానే ఊరికి వస్తానన్నాడు. మా అమ్మాయి బీమా కంపెనీని అడిగితే అతిథులుగా వచ్చిన తల్లిదండ్రులకు ఆ పాలసీ వర్తించదని సమాధానం వచ్చింది. కరీంనగర్ అమ్మాయి రాసి తెప్పించుకోమనకపోతే ఇది తెలిసేది కాదు. నా పేరు మీద విడిగా ఒక డ్రోన్ పాలసీ తీసుకున్నాను. 2021 నాటి రసీదు మాత్రం వెతకవలసి వచ్చింది. చివరికి మా ఆవిడ గ్యాస్ పుస్తకంలో భద్రంగా మడిచి పెట్టినది దొరికింది, దాని మీద సీరియల్ నంబరు స్పష్టంగా ఉన్నది.

నమోదు సంఖ్య మొన్న వచ్చింది. చివరి మూడు అక్షరాలు వదిలేసి మిగతాది సన్నని కలంతో చిన్న కాగితం మీద రాసి, వెనుక బ్యాటరీ అర లోపల, మూత తీయగానే కనిపించేలా అతికించాను. పైన పారదర్శకమైన టేపు వేశాను.

కోనిగ్‌సే ఆశ వదులుకున్నాను, దానిని ఒడ్డు మీద నిలబడి చూస్తాను. దాని బదులు, మా అమ్మాయి సహోద్యోగి ఊరి దగ్గర ఒక చిన్న సరస్సు ఉన్నది. డిపుల్ పటంలో చూస్తే అక్కడ ఏ నిషేధమూ కనిపించలేదు. ఒడ్డున ఉన్న పచ్చిక ఒక రైతుది. అమ్మాయి ఆయనకు జర్మన్‌లో ఉత్తరం రాసింది. నిన్న సమాధానం వచ్చింది. ఉదయం ఎనిమిది తర్వాత, ఆవులను అవతలి పచ్చికకు తోలిన తర్వాత ఎగరేసుకోవచ్చునట, తీసిన చిత్రాల్లో ఒకటి ఆయనకు పంపాలట.